పాత కారు, కొత్త ఆయిలు, నా పట్టికలో లేని గడి

ఇరవై తొమ్మిదేళ్ళకే విశ్రాంత ఉద్యోగినని చెప్పుకుంటే నవ్వుతారు. కానీ మెకానిక్కు పని నుంచి నేను విరమించుకున్న మాట నిజం. దండ, శాలువా ఏమీ లేవు. ఒక సోమవారం ఉదయం పానాల పెట్టె అప్పజెప్పి, చేతులు కడుక్కుని వచ్చేశాను. ఇప్పుడు ఒక సోలార్ ప్లాంటులో పలకల మీద దుమ్ము కడిగించే పని చూస్తున్నాను. మా జిల్లాలో వాన కరువు గానీ దుమ్ముకు కరువు లేదు కాబట్టి ఉద్యోగానికి ఢోకా లేదు.

ఆటోమొబైల్ డిప్లొమా ముగించి షెడ్లలో చేరే తమ్ముళ్ళు అప్పుడప్పుడు ఫోను చేస్తుంటారు. చాలామంది అడిగే ప్రశ్న ఒకటుంది. "అన్నా, పాత బండికి ఆయిలు బ్రాండు మారిస్తే ఎక్కువ తాగుతాదా?"

దీనికి చిన్న జవాబు ఉంది. గ్రేడు అదే, డబ్బా మీద రాసిన ప్రమాణం అదే అయితే, బ్రాండు మారినంత మాత్రాన పెద్ద తేడా రాదు. కొత్త ఆయిలు లోపల పేరుకున్న మడ్డిని కాస్త కడగవచ్చు, అందువల్ల మొదట్లో కొంచెం ఎక్కువ ఖర్చు కావచ్చు, ఎండిపోయిన రబ్బరు సీలు దగ్గర చెమ్మ కనిపించవచ్చు. ఆ తర్వాత కూడా పెరుగుతూనే పోతే కారణం డబ్బాలో లేదు, ఇంకెక్కడో ఉంది, వెతకాలి.

ఇదంతా నాకు ఆ రోజుల్లోనూ తెలుసు. అందుకే మిగతాది రాయాల్సి వస్తోంది.

నేను పనిచేసిన షెడ్డు కొత్తచెరువు ఊరి చివర, రోడ్డు పక్కనే ఉండేది. పైన రేకులు, కింద ఆయిలు తాగి నల్లబడిన నేల. షెడ్డు మేస్త్రికి అరవై దగ్గర పడుతున్నాయి. చదువు ఐదో తరగతి. ఇంజను మీద అరచెయ్యి ఆనించి లోపల ఏం జరుగుతోందో చెప్పేవాడు. పదిసార్లలో ఎనిమిదిసార్లు సరిపోయేది. మిగతా రెండుసార్ల గురించి నేను ఆయనకు గుర్తుచేస్తుండేవాణ్ణి. అందుకే నాకు "డిప్లొమా" అని పేరు పెట్టాడు. "ఏమప్పా డిప్లొమా, పుస్తకంలో ఏం రాసినారు దీనికి?" అని అందరి ముందూ అడిగేవాడు. నేను నిజంగానే పుస్తకం తీసేవాణ్ణి.

ప్రతి బండికీ ఒక నోటుబుక్కు పెట్టాలనేది నా పట్టుదల. ఒక్క కారు యజమాని మాత్రమే ఒప్పుకున్నాడు. ఆయన ధర్మవరం పట్టు నేతగాడు. నేత కూలి గిట్టక మగ్గం అమ్మేసి, ఆ డబ్బుకు ఇంకొంత కలిపి, అప్పటికే పన్నెండేళ్ళు నడిచిన డీజిలు కారు కొన్నాడు. భార్యతో కొత్తచెరువులో కాపురం. పెళ్ళిళ్ళకు, గుళ్ళకు, చీరల మూటలు అంగళ్ళకు చేర్చడానికి కారు బాడుగకు తిప్పేవాడు. వీటన్నిటికంటే నమ్మకమైన బాడుగ ఒకటుంది. కిడ్నీలు దెబ్బతిన్న ఒక రిటైర్డు పంతులుగారిని వారానికి రెండుసార్లు అనంతపురం ఆసుపత్రికి తీసుకుపోయి, రక్తం శుద్ధి చేయించి, తిరిగి ఇంటికి చేర్చడం. ఆ కారు తిరిగితేనే నేతగాడి ఇల్లు నిలబడుతుంది. ఈ సంగతి నాకు బాగా తెలుసు.

ఆ కారాయన కోసం నేను గీసిన పట్టికలో ఎనిమిది గడులు. తేదీ, కిలోమీటర్లు, ఆయిలు బ్రాండు, గ్రేడు, గేజిలో మట్టం, పోసిన పరిమాణం, పొగ రంగు, కారుతున్న చోటు. ఆయనకు అది నచ్చింది. "మగ్గం కాడ గూడా ఇట్లే అప్పా, ఒక పోగు తప్పితే చీరంతా తెలిసిపోతాది" అన్నాడు. వెయ్యి కిలోమీటర్లకు పావు లీటరు తాగేది ఆ ఇంజను. ఆ వయసుకు అది ఫిర్యాదు చేయాల్సినంత కాదు.

ఒకరోజు కారాయన సర్వీసుకు వస్తూ కొత్త బ్రాండు ఆయిలు డబ్బా చంకన పెట్టుకొచ్చాడు.

"మా బామ్మర్ది ధర్మవరంలో ఆయిలు అంగడి పెట్టినాడప్పా. తొలి డబ్బా నేనే తీసకపోవల్లని మా ఇంటామె పట్టుబట్టె. పోయొచ్చునా ఇది?"

డబ్బా తిప్పి చదివాను. గ్రేడు అదే, ప్రమాణం అదే. "నిర్భయంగా పోయొచ్చన్నా" అన్నాను.

మేస్త్రి ఆ రోజు లేడు. చుట్టాల పెళ్ళికని చిలమత్తూరు పోయాడు. కారుతో పాటు షెడ్డు కూడా నా చేతిలోనే ఉంది. కారాయన టీ అంగడికి పోయాడు. పాత ఆయిలు దించాను, ఆయిలు ఫిల్టరు మార్చాను, కొత్తది పోశాను. తర్వాత గాలి వడకట్టే ఎయిర్ ఫిల్టరు డబ్బా మూత తెరిచాను. డబ్బా అంచు చుట్టూ ఆయిలులో తడిపిన నూలు గుడ్డ పేలిక చుట్టి ఉంది. నల్లగా, జిడ్డుగా, దుమ్ము పట్టి, ముట్టుకోబుద్ధి కాకుండా ఉంది. పార్టు నంబరు లేని వస్తువు బండిలో ఉండకూడదని కాలేజీలో నాకెవరూ చెప్పలేదు. అది నేను సొంతంగా కనిపెట్టుకున్న సూత్రం. పేలిక లాగి చెత్తడ్రమ్ములో వేశాను. కొత్త ఫిల్టరు పెట్టి మూత బిగించాను. నాలుగు క్లిప్పుల్లో ఒకటి విరిగిపోయి ఉంది. మూడు బిగుసుకున్నాయి కదా, చాలనుకున్నాను.

పట్టికలో ఎనిమిది గడులూ నింపాను. ఎయిర్ ఫిల్టరుకు గడి లేదు, కాబట్టి దాని గురించి ఏమీ రాయలేదు.

మేస్త్రి తిరిగొచ్చాక వాదన మొదలైంది.

"ఏమప్పా డిప్లొమా, ఆయిలు మార్చినావంట?"

"గ్రేడు అదే మేస్త్రీ."

"గ్రేడు సంగతి నాకు తెల్దు. ఇన్నేండ్లుగా ఈ బండ్లకు ఒకటే ఆయిలు పోస్తాండా. అలవాటైన నీళ్ళు మారిస్తే మనిషికి కడుపు చెడదా?"

"ఇంజనుకు కడుపుండదు మేస్త్రీ."

"ఉండాది. నీకు కనపడల్యా, అంతే."

షెడ్డులో అందరూ నవ్వారు. నాకు మండింది. "ఈ బండి నాకొదిలెయ్యి. లెక్కతో చూపిస్తా" అన్నాను. "అట్లనే. నీ బండికి నేను చెయ్యి పెట్టను పో" అన్నాడాయన. పంతం కొద్దీ ఆ మాట మీద నిలబడ్డాడు. ఆ తర్వాత ఆ కారు బానెట్టు కింద ఆయన తల పెట్టలేదు. మా ఇద్దరికీ అది పరువు సమస్య. కారుకు అది ఇంకో సమస్య అయింది.

మొదటి వెయ్యి కిలోమీటర్లకు ఖర్చు కొద్దిగా పెరిగింది. మడ్డి కడుగుతోంది, సహజమే అని రాసుకున్నాను. రెండో వెయ్యికి దాదాపు రెట్టింపైంది. పాత సీళ్ళేమో అనుకుని కిందంతా తుడిచి, అట్ట పరిచి చూశాను. ఒక్క చుక్క కారలేదు. మూడోసారికి పొగ నీలం తిరిగింది, అంటే ఆయిలు ఇంజను లోపలే కాలుతోంది.

ఆ మధ్యలో కారాయన ఒక మాట చెప్పాడు.

"ఎక్కువ రైజు చేస్తే సన్నగా ఈల ఏసినట్ల ఇనపడతాదప్పా. ముందర లేదు ఇది."

"పాత బండి కదన్నా, ఏదో ఒకటి మోగుతాంటాది" అన్నాను.

పట్టికలో శబ్దానికి గడి లేదు. మగ్గం మీద ఒక పోగు తెగితే చెవితో పట్టుకోగల మనిషి చెప్పిన మాట అది. నేను వినలేదు.

మేస్త్రి మాత్రం వదలలేదు. పొగ చూసిన ప్రతిసారీ, "చూడప్పా, నీ లెక్క పొగైపోతాంది" అనేవాడు. చివరికి నేనొక పరీక్ష పెట్టాను. మళ్ళీ పాత బ్రాండే పోద్దాం. బ్రాండే కారణమైతే ఖర్చు తగ్గాలి, కాకపోతే తగ్గదు. పాత బ్రాండు పోశాం. ఖర్చు తగ్గలేదు సరికదా, ఇంకా పెరిగింది.

ఆ రోజు నోటుబుక్కు తీసుకెళ్ళి మేస్త్రి ముందు తెరిచి, గడి గడికీ వేలు పెట్టి చూపించాను. ఆయన చాలాసేపు చూశాడు. "సరేలేప్పా, ఆయిలు కాదు. ఒప్పుకుంటి" అన్నాడు. షెడ్డులో ఈసారి ఎవరూ నవ్వలేదు. ఆ సాయంత్రం నాకెంత సంతోషంగా ఉందో ఇప్పుడు తలుచుకుంటే తల దించుకోవాలనిపిస్తుంది. ఆయిలు కాదని తేలింది. మరి ఏమిటని అదే నిమిషంలో అడగాల్సింది. నేను అడగలేదు. వాదన గెలిచాను కదా, పని అయిపోయిందనుకున్నాను. కారాయనకు మాత్రం "ఇంజను బోరు అరిగినట్టుందన్నా, జాగ్రత్తగా పోనియ్యి. ఆయిలు మట్టం చూసుకుంటాండు" అని సలహా ఇచ్చాను.

తర్వాత రెండు నెలలకు కారు ఆగిపోయింది. పంతులుగారిని ఆసుపత్రికి తీసుకుపోతుండగా, ధర్మవరం ఇంకా రాకముందే, ఒక మిట్ట ఎక్కుతూ ఇంజను దడదడలాడి బిగుసుకుపోయింది. చుట్టూ వేరుశెనగ ఎండిపోయిన చేలు. నీడ లేదు. పంతులుగారు గంటసేపు కారు వెనక సీట్లో తలుపులు తెరుచుకుని కూర్చున్నారట. ఆ తర్వాత వచ్చిన బస్సులో ఇద్దరూ ఎక్కి అనంతపురం చేరారు. పంతులుగారి వంతు దాటిపోయింది. సాయంత్రం దాకా బతిమాలితే మంచం దొరికింది. ఆయన ప్రాణానికి ఏమీ కాలేదు. కానీ ఆ వారంలోనే ఆ ఇంటివాళ్ళు వేరే కారు మాట్లాడుకున్నారు.

మరునాడు కారును ట్రాక్టరుకు కట్టి లాక్కొచ్చారు. దాని వెనకే కారాయన ఎవరిదో మోటారుసైకిలు మీద వచ్చి, మొహం కడుక్కోవడానికి తొట్టి దగ్గరికి పోయాడు. మేస్త్రి తన పంతం పక్కన పెట్టి బానెట్టు ఎత్తాడు. నేరుగా ఎయిర్ ఫిల్టరు డబ్బా దగ్గరికే పోయింది ఆయన చెయ్యి. మూత తీశాడు. ఫిల్టరు పక్కకు పెట్టాడు. ఇంజనులోకి గాలి పోయే గొట్టంలో వేలు పెట్టి తిప్పి బయటికి తీశాడు. వేలి చివర ఎర్రమట్టి.

"ఈడ గుడ్డ ఉండల్ల. యాడ పాయ?"

నేను చెత్తడ్రమ్ము వైపు చూశాను.

"నిన్నేప్పా."

"తీసేసినా మేస్త్రీ."

"ఎప్పుడు?"

"ఆయిలు మార్చిన పొద్దు."

డబ్బా అంచు వేడికి వంకరపోయిందనీ, మూత ఎంత బిగించినా ఒక మూల సందు ఉంటుందనీ, ఆ సందు మూయడానికే ప్రతి సర్వీసులో తానే కొత్త పేలిక తడిపి చుట్టేవాడిననీ ఆయన చెప్పాడు. కేకలు వేయలేదు. వేసి ఉంటే బాగుండేది. ఆ సందులోంచి మా నేల మీది దుమ్మంతా కొన్ని నెలలపాటు ఇంజనులోకి పోయింది. ఉప్పుకాగితంతో రుద్దినట్టు పిస్టన్ రింగులనూ, పిస్టన్ ఆడే బోరునూ అరగదీసింది. అరిగిన సందుల్లోంచి ఆయిలు పైకెక్కి కాలిపోయింది. ఏ బ్రాండు పోసినా కాలిపోయేదే. చివరికి ఆయిలు చాలక ఇంజను పట్టేసింది. కారాయన విన్న ఆ ఈల, సందులోంచి గాలి లోపలికి పోతున్న చప్పుడు.

మేస్త్రి వేలు ప్యాంటుకు తుడుచుకున్నాడు. "నేను గూడా చూడల్యా. నీ బండి అని ఇడిసిపెడ్తి. ఇద్దరం కలిసి చంపితిమి దీన్ని" అన్నాడు.

అప్పుడే కారాయన తువ్వాలుతో మొహం తుడుచుకుంటూ వచ్చాడు. "ఏమైందన్నా?"

మేస్త్రి నావైపు చూశాడు. నేను నేల చూశాను. "వయసైపోయిందిలేప్పా బండికి" అన్నాడు మేస్త్రి. నన్ను కాపాడడానికో, షెడ్డును కాపాడడానికో నేను అడగలేదు.

"ఆయిలే కదన్నా? ఆయిలు మారిస్తి, ఆపొద్దు నుంచే గదా ఇదంతా."

"ఆయిలు కాదన్నా" అన్నాను నేను. అంతవరకు నిజమే చెప్పాను.

"ఆయిలు కాకపోతే ఇంకేమప్పా? చెప్పు, నువ్వు చదువుకున్నోనివి."

జవాబు కళ్ళ ముందే ఉంది, మూత తీసిన డబ్బాలో. "ఖచ్చితంగా చెప్పలేమన్నా" అన్నాను.

ఆయన తల ఊపాడు. నోటుబుక్కు అడిగి తీసుకున్నాడు. నాకు తర్వాత తెలిసింది, అక్కణ్ణుంచి నేరుగా బామ్మర్ది అంగడికి పోయి, వీధిలో నిలబడి, కల్తీ ఆయిలు అమ్మి తన బతుకు మీద కొట్టాడని అరిచాడట. ఇంజను మళ్ళీ కట్టించే స్తోమత లేక కారును తుక్కుకు ఇచ్చేశాడు. భార్యాభర్తలు రాయదుర్గం పోయి జీన్స్ కుట్టే యూనిట్లో చేరారు. నేను ఇంకో నాలుగు నెలలు షెడ్డులో ఉన్నాను. ఏ బండి మూత తెరిచినా చెయ్యి ఆగిపోయేది. ఆ తర్వాత సోమవారం సంగతి మొదట్లోనే చెప్పాను.

రెండేళ్ళ తర్వాత, అంటే ఈ మధ్యనే, ప్లాంటు పని మీద రాయదుర్గం పోయినప్పుడు బస్టాండులో ఆయన కనిపించాడు. బట్టల మీద నీలం దారపు పోగులు. నన్ను చూసి నవ్వాడు. అదే కష్టంగా అనిపించింది.

"నా కారుకు లెక్క రాసినోనివి నువ్వొక్కనివే అప్పా" అని టీ తాగించాడు. బామ్మర్ది ఎలా ఉన్నాడని మర్యాదకు అడిగాను.

"మాటల్లేవు. మా ఇంటామె గూడా తమ్ముని గడప తొక్కల్యా. ఆయిలు పోసి కొంపముంచె గదా. నాదే తప్పులే, చుట్టమని నమ్మితి."

టీ గ్లాసు బల్ల మీద పెట్టి, గుడ్డ సంగతి మొదటి నుంచి చివరిదాకా చెప్పాను. బస్సు వచ్చింది, పోయింది. ఆయన ఎక్కలేదు.

"అంటే ఆయిలుది ఏమీ లేదా?"

"ఏమీ లేదన్నా."

"మరి ఆపొద్దు చెప్పలేమంటివే."

"అంటి."

ఆయన గ్లాసు అడుగున మిగిలిన టీ నేల మీద పారబోశాడు. "ఇది నాకు చెప్తే ఏం లాభమప్పా? ఆదివారం ధర్మవరం రా. ఆడ చెప్పు."

వెళ్ళాను. వెళ్ళకుండా ఉండడానికి నా దగ్గర ఐదు కారణాల జాబితా ఉంది. అన్నీ బాగానే ఉన్నాయి. అయినా వెళ్ళాను.

బామ్మర్ది అంగట్లో ప్లాస్టిక్ బిందెలు, చీపుర్లు, నీళ్ళ డ్రమ్ములు ఉన్నాయి. పై అరలో మాత్రం రెండు ఆయిలు డబ్బాలు, దుమ్ము కొట్టుకుని. వీధిలో ఆ గొడవ తర్వాత ఆయిలు కొనడానికి ఎవరూ రాలేదట. కారాయన నోటుబుక్కు పట్టుకుని లోపలికి వచ్చాడు. ఆయన భార్య మెట్టు మీదే ఆగిపోయింది. తమ్ముడు ఆమెను చూసి, స్టూలు తెచ్చి మెట్టు పక్కన వేశాడు. ఆమె కూర్చోలేదు.

నేను మళ్ళీ మొదటి నుంచి చెప్పాను. ఈసారి ఇంకా కష్టమైంది. బామ్మర్ది మధ్యలో ఒక్కసారే అడిగాడు, "గ్రేడు సరిపోయిందా లేదా?" సరిపోయిందన్నాను. ఆయన తన బావవైపు తిరిగాడు.

"ఆపొద్దు నేనేం చెప్తి బావా?"

"నా ఆయిల్లో ఏం లేదంటివి."

"నువ్వేమంటివి?"

కారాయన నోటుబుక్కు బల్ల మీద పెట్టాడు. మెట్టు మీంచి ఆమె నన్ను అడిగింది. "ఈ మాట ఆపొద్దే చెప్పింటే నీదేం పోతాండె అప్పా?"

జవాబు కోసం వెతికాను. షెడ్డులో నవ్వుతారు అన్నది ఒక్కటే దొరికింది. అది చెప్పలేకపోయాను.

బామ్మర్ది నోటుబుక్కు తీసుకుని ఆయిలు మార్చిన రోజు పేజీ వెతికి బల్ల మీద పరిచాడు. కలం నా ముందు పెట్టాడు. "రాసియ్యి. అడిగినోళ్ళకు చూపిచ్చుకుంటా."

ఎనిమిది గడుల పక్కన, అంచులో, నిలువుగా ఇంకో గీత గీశాను. తొమ్మిదో గడిలో రాశాను: "ఎయిర్ ఫిల్టరు డబ్బా అంచు గుడ్డ తీసేశాను. మళ్ళీ చుట్టలేదు. ఇంజను దీనివల్లే పోయింది, ఆయిలు వల్ల కాదు."

"సంతకం."

పెట్టాను. ఆయన కళ్ళజోడు సర్దుకుని రెండుసార్లు చదివాడు. తర్వాత సంతకం కింద వేలు పెట్టాడు.

"తేదీ ఏదేస్తావు? గుడ్డ తీసిన పొద్దుదా, నువ్వు చెప్పిన పొద్దుదా?"

నాకు ఎంతో ఖచ్చితమైన మనిషినని పేరు. ఒకదాని కింద ఒకటి, రెండూ వేశాను.